యూనిట్ 9: ఒకే ఫ్రీక్వెన్సీ మీద మనిషీ యంత్రమూ – అమెచ్యూర్ రేడియోలో సర్దుబాటు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత అమెచ్యూర్ రేడియో బ్యాండ్లలో చోటు ఎందుకు చాలదో మీరు లెక్క వేసి చెప్పగలుగుతారు. మనిషి కూర్చుని నడిపే కేంద్రానికీ, తనంతట తాను ప్రసారం చేసే కేంద్రానికీ మధ్య తగాదా ఎక్కడ మొదలవుతుందో వివరించగలుగుతారు. ఆ తగాదాను తగ్గించడానికి వాడుకలో ఉన్న పద్ధతులను, వాటి పరిమితులను తుపాను సమయానికి అన్వయించి చూడగలుగుతారు.

9.1 పరిచయం

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం 12 నుంచి 1 గంట మధ్య హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నాలుగేళ్ళ తరువాత 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. మొదటిది విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను ఊపేసింది. రెండవది ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. రెండుసార్లూ కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. సెల్ టవరుకు కరెంటు కావాలి, కరెంటు లేనప్పుడు బ్యాటరీ, బ్యాటరీ అయిపోతే డీజిలు కావాలి. వీటికి తోడు టవరును మిగతా ప్రపంచంతో కలిపే కేబులు తెగకుండా ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా చేతిలో ఉన్న ఫోను పనికిరాదు.

అమెచ్యూర్ రేడియోకు ఇంత గొలుసు లేదు. ఒక ట్రాన్సీవరు, కారు బ్యాటరీ, రెండు గుంజల మధ్య కట్టిన తీగ ఉంటే చాలు. దీన్ని నడిపేవారిని హామ్‌లు అంటారు. మన దేశంలో హామ్ కావడానికి కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం జరిపే పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందాలి. 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నిబంధనలు, వాటికి తరువాత వచ్చిన సవరణలు దీనికి ఆధారం. లైసెన్సులో జనరల్, రిస్ట్రిక్టెడ్ అని రెండు తరగతులున్నాయి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తెలుగునాట ఈ విద్యను వ్యాప్తిలోకి తెచ్చిన ప్రధాన సంస్థ.

ఇంతవరకూ మీకు తెలిసిన సంగతే కావచ్చు. తెలియనిది ఒకటుంది. హామ్ బ్యాండ్లలో ఇప్పుడు మాట్లాడేది మనుషులు మాత్రమే కాదు. బీకన్లు, రిపీటర్లు, ఈమెయిలు గేట్‌వేలు, కంప్యూటరుతో నడిచే డిజిటల్ కేంద్రాలు అదే చోటులో రాత్రింబగళ్ళు ప్రసారం చేస్తున్నాయి. వాటిలో చాలావాటి దగ్గర ఆ క్షణంలో మనిషి ఉండడు. సోంపేట నుంచి వచ్చే బలహీనమైన గొంతు, ఎవరూ దగ్గరలేని ఒక యంత్రం ప్రసారం ఒకే ఫ్రీక్వెన్సీ మీద పడితే ఏమవుతుందన్నదే ఈ యూనిట్‌లో మనం పరిశీలించే ప్రశ్న.

9.2 చోటు ఎంత?

40 మీటర్ల బ్యాండును ఉదాహరణగా తీసుకుందాం. ఉత్తరాంధ్రలో ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు పగటిపూట మాట్లాడుకోవడానికి హామ్‌లకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే. భారతదేశంలో దీని హద్దులు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు. అంటే మొత్తం 200 కిలోహెర్ట్జ్. సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో ఒక మనిషి గొంతుకు సుమారు రెండున్నర కిలోహెర్ట్జ్ కావాలి. పక్కవారికి తగలకుండా కాస్త ఎడం వదిలి మూడు అనుకుంటే, 200ను 3తో భాగిస్తే 66 వస్తుంది. బ్యాండు మొత్తాన్ని మాటలకే వదిలేసినా, అందరూ గీత గీసినట్టు కూర్చున్నా, ఒకరికొకరు వినిపించే పరిధిలో ఒకేసారి 66 సంభాషణలకు మించి పట్టవు. నిజానికి అంత కూడా పట్టవు, ఎందుకంటే మోర్స్‌కూ డిజిటల్‌కూ కొంత భాగం వదలాలి. రాత్రయితే ఆగ్నేయాసియా, జపాన్ వైపు నుంచి వచ్చే సంకేతాలు కూడా ఈ బ్యాండులోనే వినిపిస్తాయి.

ఇప్పుడు యంత్రాల వైపు చూడండి. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిని జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ రూపొందించారు. జో టేలర్ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఖగోళ శాస్త్రవేత్త. ఎఫ్‌టీ8 సంకేతం కేవలం 50 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. ఒక గొంతు ఆక్రమించే 2,500 హెర్ట్జ్‌లో ఇటువంటి సంకేతాలు 50 పక్కపక్కన ఇముడుతాయి. చెవికి అసలు వినిపించనంత బలహీనమైన సంకేతాన్ని కూడా కంప్యూటరు చదవగలదు. 40 మీటర్లలో ఇది 7.074 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

ఈ లెక్క చూసిన విద్యార్థి సహజంగా ఒక నిర్ణయానికి వస్తాడు: మాటలు మానేసి అందరూ యంత్రాలకే మారితే చోటు సమస్య తీరిపోతుంది కదా అని. తొందరపడకండి. ఎఫ్‌టీ8లో ఒక ప్రసారానికి 15 సెకన్ల గడి ఉంటుంది. సొంత వాక్యం పంపదలిస్తే ఆ గడిలో పట్టేది 13 అక్షరాలు, అదీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే. ‘మందస రోడ్డులో చెట్లు పడ్డాయి, అంబులెన్సు రాలేదు, ఇద్దరికి దెబ్బలు’ అని చెప్పాలంటే ఎన్ని గడులు కావాలో మీరే వేసుకోండి. ఆ మధ్యలో అవతలివారు ‘ఏ మందస? ఊళ్ళోనా, స్టేషను దగ్గరా?’ అని అడగడానికి వీలుండదు. వెడల్పు తక్కువైనంత మాత్రాన అవసరం తీరినట్టు కాదు.

9.3 యంత్రాలన్నీ ఒకటి కాదు

‘స్వయంచాలిత కేంద్రం’ అన్న మాటను హామ్‌లు వాదనల్లో చాలా వదులుగా వాడతారు. తేడాలు గమనించకపోతే తగాదా ఎక్కడుందో అర్థం కాదు.

రిపీటరు కొండమీద ఉండి ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్నదాన్ని మరో ఫ్రీక్వెన్సీ మీద అప్పటికప్పుడే తిరిగి పంపుతుంది. అది తనంతట తాను నడిచేదే అయినా అందులో వినిపించేది మనిషి గొంతే. మన ప్రాంతానికి దాని అవసరం ఏమిటో చిన్న లెక్కతో చూడవచ్చు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉండే రెండు మీటర్ల బ్యాండులో తరంగం దాదాపు చూపుమేరకే పోతుంది. రెండు యాంటెనాల ఎత్తులను మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలను కూడి 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపులా 16 మీటర్ల స్తంభాలుంటే 33 కిలోమీటర్లు. సోంపేట నుంచి శ్రీకాకుళం సరళరేఖలో సుమారు 100 కిలోమీటర్లు కాబట్టి నేరుగా అందదు. మధ్యలో 400 మీటర్ల కొండమీద రిపీటరు ఉంటే దాని నుంచి 16 మీటర్ల స్తంభానికి దాదాపు 99 కిలోమీటర్లు వస్తుంది. రెండు ఊళ్ళూ దాని నీడలోకి వస్తాయి. ఎడతెగని మాటతో ఎవరూ దాన్ని పట్టుకు కూర్చోకుండా టైమరు ఒకటి అమర్చి ఉంటుంది. ఈ రకం యంత్రంతో ఎవరికీ పెద్దగా పేచీ లేదు.

బీకన్లు మరో రకం. ఇవి ఎవరి జవాబూ కోరవు, ‘నేనిక్కడ ఉన్నాను’ అని మాత్రం చెబుతుంటాయి. వాటిని విని ఏ బ్యాండు ఏ దిక్కుకు తెరుచుకుందో తెలుసుకుంటాం. ఎఫ్‌టీ8లో కంప్యూటరు సందేశాలు కూర్చినా, పిలుపు మొదలుపెట్టేది మనిషే కావాలన్నది దాని రూపకర్తల ఉద్దేశం. కొందరు ఆ ఉద్దేశాన్ని దాటి, రాత్రి కంప్యూటరును వదిలేసి నిద్రపోయి, పొద్దున్నే లెక్కలో కొత్త దేశాలు చూసుకుంటారు. ప్రపంచంలో వందకు పైగా దేశాలతో మాట్లాడినవారికి ఇచ్చే డీఎక్స్‌సీసీ గుర్తింపు నియమాలు దీన్ని ఒప్పుకోవు. ప్రతి సంభాషణనూ రెండు వైపులా మనిషే స్వయంగా ప్రారంభించి ఉండాలని అవి చెబుతాయి.

అసలు పేచీ వచ్చేది నాలుగో రకంతో. విన్‌లింక్ వంటి వ్యవస్థల్లో ఇంటర్నెట్టుకు కలిపిన గేట్‌వే కేంద్రం ఒకటి ఒక ఫ్రీక్వెన్సీ మీద కాచుకుని ఉంటుంది. ఇంటర్నెట్టు లేనిచోట ఉన్న హామ్ తన రేడియోతో దాన్ని పిలిస్తే, అది వెంటనే జవాబిచ్చి ఈమెయిళ్ళు అందుకుంటుంది, ఇస్తుంది. తుపాను సమయంలో ఇది అద్భుతమైన సాధనం. కానీ ఆ గేట్‌వే దగ్గర వినే మనిషి లేడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రిపీటరు, ఈమెయిలు గేట్‌వే రెండూ మనిషి దగ్గర లేకుండా నడిచేవే. అయినా హామ్‌లు మొదటిదాన్ని ఆదరించి రెండవదాన్ని అనుమానంగా చూడడానికి కారణం ఏమై ఉంటుంది? 9.4, 9.5 భాగాలు చదివే ముందు మీ జవాబు రాసుకోండి.

9.4 నిశ్శబ్దంగా ఉంటే ఖాళీ అనుకోవచ్చా?

ప్రసారం చేసే ముందు వినాలి. అమెచ్యూర్ రేడియోలో ఇంతకంటే పాత మర్యాద లేదు. హామ్ డయలు తిప్పి ఒకచోట ఆగి, కాసేపు విని, ‘ఈ ఫ్రీక్వెన్సీ మీద ఎవరైనా ఉన్నారా?’ అని అడిగి, జవాబు రాకపోతే మరోసారి అడిగి, అప్పుడు పిలుపు మొదలుపెడతాడు. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

యంత్రానికీ ఈ పని నేర్పారు. ఫ్రీక్వెన్సీ మీద శక్తి ఉందో లేదో కొలిచి, ఉంటే ఆగే సాఫ్ట్‌వేరు ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనుషుల సంభాషణలో నిశ్శబ్దం కూడా భాగమే. తుపాను రాత్రి నెట్ నడుస్తోందనుకుందాం. నెట్ అంటే ఒక ఆపరేటరు అధ్యక్షత వహించగా అందరూ వంతులవారీగా మాట్లాడే ఏర్పాటు. శ్రీకాకుళంలోని నెట్ కంట్రోలు ‘కవిటి, మీ సంగతి చెప్పండి’ అని ఆగుతాడు. అవతల బ్యాటరీ తగ్గిపోయి ఉండవచ్చు, మైకు పట్టుకున్న మనిషి గొడుగు పట్టుకునే మరో మనిషి కోసం చూస్తుండవచ్చు. పది సెకన్లు, ఇరవై సెకన్లు ఏమీ వినిపించదు. నెట్‌లో ఉన్నవారందరూ ఊపిరి బిగబట్టి వింటున్న సమయం అది. శక్తిని కొలిచే యంత్రానికి మాత్రం అది ఖాళీ ఫ్రీక్వెన్సీ. కాబట్టి మొదలుపెడుతుంది.

మనిషి చెవి చేసే మరో పని యంత్రం చేయలేదు. సింగిల్ సైడ్‌బ్యాండులో రెండు సంకేతాలు ఒకదానిమీద ఒకటి పడితే రెండూ వినిపిస్తాయి. అనుభవమున్న ఆపరేటరు కీచుమనే మోత కింద నుంచి ‘కవిటి’ అన్న రెండున్నర అక్షరాలు ఏరుకోగలడు. ఎఫ్ఎమ్‌లో ఆ అవకాశమూ లేదు. అక్కడ బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. మింగేసిన సంగతి కూడా వినేవారికి తెలియదు.

అయితే తప్పు ఒకవైపే ఉందనుకోకండి. 14.100 మెగాహెర్ట్జ్ మీద ప్రపంచవ్యాప్తంగా 18 బీకన్లు వంతులవారీగా పలుకుతాయి. ఆ సమయంలో మన దిక్కుకు తెరుచుకోని బీకన్ల వంతు నడుస్తుంటే మనకేమీ వినిపించదు. ఆపరేటరు అయిదారు సెకన్లు విని ఖాళీ అనుకుని మాట్లాడడం మొదలుపెడతాడు. పోటీలు జరిగే శని, ఆదివారాల్లో ఇది మామూలే. నా దృష్టిలో గేట్‌వే చేసిన పొరపాటుకూ దీనికీ తేడా లేదు. ఇద్దరూ తమకు వినపడని దాన్ని లేనిదిగా లెక్కగట్టారు.

9.5 పక్క ఊరు వినిపించని రాత్రి

వినడం ఎందుకు చాలదో చెప్పే భౌతిక కారణం మరొకటుంది, ఇది ముఖ్యం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల మధ్య సరళరేఖలో 60 కిలోమీటర్లకు మించదు. అయినా 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ రెండు ఊళ్ళకూ ఒకరి సంకేతం మరొకరికి సాధారణంగా అందదు. నేల మీదుగా వెళ్ళే తరంగం కొన్ని పదుల కిలోమీటర్లలోనే నీరసిస్తుంది. పైకి వెళ్ళిన తరంగం అయనోస్ఫియర్ నుంచి వంగి కిందికి దిగేది వందల కిలోమీటర్ల అవతల. మధ్యలో మిగిలిపోయే ప్రాంతాన్ని స్కిప్ జోన్ అంటారు.

దీని ఫలితం చూడండి. విజయనగరం హామ్ ఢిల్లీతో మాట్లాడుతున్నాడు. శ్రీకాకుళం హామ్ అదే ఫ్రీక్వెన్సీ మీద శ్రద్ధగా రెండు నిమిషాలు వింటాడు. ఢిల్లీ ఆ రెండు నిమిషాలూ మౌనంగా వింటోంది కాబట్టి అతడికి ఏమీ వినబడదు. మర్యాద ప్రకారం అన్నీ చేసి ప్రసారం మొదలుపెడతాడు. ఢిల్లీలో రెండు సంకేతాలూ గుద్దుకుంటాయి. కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠాల్లో దీన్ని దాగిన కేంద్రం సమస్య అంటారు. గేట్‌వేను పిలిచే మనిషి విషయంలోనూ జరిగేది ఇదే. అతడు తన ఊళ్ళో విని ఖాళీ అని నిర్ధారించుకుంటాడు. కానీ ప్రసారం చేసేది ఇద్దరూను, అవతల గేట్‌వే చుట్టుపక్కల ఎవరు మాట్లాడుతున్నారో అతడికి తెలిసే దారి లేదు.

పక్క జిల్లాకు మాట్లాడాలంటే తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపి కిందికి దింపుకోవాలి. అందుకు 7 మెగాహెర్ట్జ్, 3.5 మెగాహెర్ట్జ్ అనువైనవి. యాంటెనా ఎక్కువ ఎత్తులో అవసరం లేదు. 7.1 మెగాహెర్ట్జ్‌కు సగం తరంగదైర్ఘ్యపు డైపోలు సుమారు 20 మీటర్ల తీగ, రెండు కొబ్బరిచెట్లకు మధ్య సరిపోతుంది. (తిత్లీ తరువాత ఉద్దానంలో చాలాచోట్ల ఆ రెండు చెట్లు కూడా మిగల్లేదు. వెదురుబొంగులు సిద్ధంగా ఉంచుకోవడం మేలు.)

ఇలా నిట్టనిలువుగా పంపినప్పుడు అయనోస్ఫియర్ ఎంత ఫ్రీక్వెన్సీ వరకు తిప్పి పంపుతుందన్నది సూర్యుడి మీద ఆధారపడుతుంది. ఆ హద్దు మధ్యాహ్నం ఎక్కువగా, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పదకొండేళ్ళ సౌరచక్రంలో కూడా హెచ్చుతగ్గులవుతుంది. ఇప్పుడు మొదట చెప్పిన రెండు తేదీలకు తిరిగి వెళ్దాం. హుద్‌హుద్ వచ్చింది మిట్టమధ్యాహ్నం. 2014 సౌరచక్రం శిఖరానికి చేరిన ఏడాది. 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని నిట్టనిలువుగా పంపినా తిరిగి వచ్చే పరిస్థితి. తిత్లీ వచ్చింది సూర్యోదయానికి ముందు. 2018 సౌరచక్రం అడుగుకు దగ్గరపడిన ఏడాది. ఆ గంటలో 7 మెగాహెర్ట్జ్ సంకేతం సాధారణంగా పైకి వెళ్ళి అంతరిక్షంలోకి పోతుంది, పక్క జిల్లాకు దిగదు. ఏటవాలుగా వచ్చే దూరపు సంకేతాలు మాత్రం దిగుతూనే ఉంటాయి. అంటే సోంపేట, శ్రీకాకుళం ఒకరికొకరు వినిపించని వేళ వేల కిలోమీటర్ల అవతలి యంత్రాలు స్పష్టంగా వినిపిస్తాయి. వాటికి మన తుపాను సంగతి తెలియదు.

ఈ పరిస్థితిలో 7ను వదిలి 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలన్న నిర్ణయం ఎవరో ఒకరు తీసుకోవాలి, అందరికీ ముందే తెలిసి ఉండాలి. రిపీటరుకు ఈ బాధ లేదు. అందరూ కొండమీది ఒకే చెవితో వింటారు, ఒకే నోటితో పలుకుతారు. దాగిన కేంద్రం అక్కడ దాదాపు ఉండదు. 9.3లో అడిగిన ప్రశ్నకు మీరు రాసుకున్న జవాబును ఇక్కడ సరిచూసుకోండి.

9.6 పంచుకునే పద్ధతులు

వంశధార ఎడమ కాలువ గురించి తెలిసినవారికి ఈ భాగం తేలిక. గొట్టా బ్యారేజీ దగ్గర మొదలైన నీరు పలాస, వజ్రపుకొత్తూరు వైపు శివారు భూములకు చేరేసరికి చిక్కిపోతుంది. ఎగువ రైతు దొంగ కానక్కరలేదు. తన తూము తెరిచి ఉంచితే చాలు. రేడియోలో బలమైన కేంద్రం ఎగువ రైతు, బలహీనమైన కేంద్రం శివారు రైతు. కాలువ మీద వంతులు పెట్టుకున్నట్టే ఇక్కడా పెట్టుకోవాలి. ఒక తేడా ఉంది. వాడిన నీరు మళ్ళీ రాదు, ఫ్రీక్వెన్సీ మాత్రం ప్రసారం ఆగిన మరుక్షణం మొదటంత ఖాళీ.

వంతులు పెట్టకపోతే ఏమవుతుందో హవాయి విశ్వవిద్యాలయం లెక్కతో సహా చూపింది. 1970ల మొదట్లో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలుపుతూ అలోహా అనే పద్ధతి నడిపింది. ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు పంపడం, గుద్దుకుంటే కాసేపాగి మళ్ళీ పంపడం, అంతే దాని నియమం. ఈ పద్ధతిలో ఛానెలు కాలంలో గరిష్ఠంగా 18.4 శాతమే ఉపయోగపడుతుందని తేలింది. కాలాన్ని గడులుగా విడగొట్టి, గడి మొదట్లోనే పంపాలని ఒక్క నియమం చేరిస్తే అది రెట్టింపై 36.8 శాతానికి పెరిగింది. వాహనాల స్థానాన్ని, వాతావరణ కొలతలను ప్యాకెట్లుగా పంపే ఏపీఆర్ఎస్ కేంద్రాలు నేటికీ చాలావరకు మొదటి పద్ధతికి దగ్గరగానే నడుస్తాయి. ఎఫ్‌టీ8 రెండవ పద్ధతికి చెందింది. అందుకే దాన్ని వాడేవారి గడియారం ఒక సెకను కూడా తప్పకూడదు.

కాలాన్ని పంచుకోవడంలో ఆదర్శం అంటే నేను బీకన్ల వ్యవస్థనే చూపిస్తాను. అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ తోడ్పాటుతో నడిచే ఈ 18 బీకన్లలో ఒక్కోదానికి 14.100 మీద 10 సెకన్ల వంతు. 18 వంతులకు 180 సెకన్లు, అంటే సరిగ్గా 3 నిమిషాలకు ఒక చుట్టు. తన పదిసెకన్లలో బీకను మోర్సులో తన పేరు చెప్పి, ఒక్కో సెకను నిడివి గల నాలుగు గీతలు పంపుతుంది. మొదటి గీత 100 వాట్లు, తరువాత 10, 1, చివరిది 0.1 వాటు. నాలుగో గీత కూడా వినిపించిందంటే ఆ దారిలో పదోవంతు వాటు చాలునన్నమాట. మనకు దగ్గరలో ఉన్న శ్రీలంక బీకను వంతు చుట్టు మొదలైన నిమిషంన్నరకు వస్తుంది. పది సెకన్లు కాగానే అది 18.110కి, అక్కడి నుంచి పై బ్యాండ్లకు వెళ్ళిపోతుంది. దాని చోటులోకి మరో దేశం వస్తుంది. ఒక్క సన్నని ఫ్రీక్వెన్సీలో 18 కేంద్రాలు ఒకదానికొకటి తగలకుండా ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. వాటిలో ఏదీ మరొకదాన్ని వినడం లేదు. వినలేవని ముందే ఒప్పుకుని, ఎప్పుడు నోరు మూయాలో గడియారానికి అప్పగించారు కాబట్టే అది సాధ్యమైంది.

చోటును పంచుకోవడం రెండో మార్గం. మోర్సుకు ఒక భాగం, సన్నని డిజిటల్‌కు ఒక భాగం, మాటలకు ఒక భాగం అని యూనియన్ ప్రాంతాలవారీగా బ్యాండ్ ప్రణాళికలు ప్రకటిస్తుంది. భారతదేశం మూడో ప్రాంతంలో ఉంది. ఇవి ఎక్కువగా పెద్దమనుషుల ఒప్పందాలే. అతిక్రమిస్తే మర్నాడు ఎవరూ వచ్చి యాంటెనా దింపరు. అయినా చాలావరకు నిలబడుతున్నాయంటే, ప్రతి కేంద్రమూ తన కాల్‌సైనుతో పలకాలన్న నియమం అందుకు ఒక కారణం. మన నిబంధనల ప్రకారం ప్రసారం మొదట్లో, చివర్లో కాల్‌సైను చెప్పాలి, పది నిమిషాలు దాటితే మళ్ళీ చెప్పాలి. అజ్ఞాతంగా ఉండి మర్యాద తప్పడం ఇక్కడ కష్టం.

గేట్‌వే వంటి జవాబిచ్చే యంత్రాలకు ఈ రెండూ కలిపి వర్తించాలన్నది నా అభిప్రాయం. వాటిని మాటల భాగం నుంచి దూరంగా, ప్రకటించిన ఫ్రీక్వెన్సీల మీదనే ఉంచాలి. మనిషి దూరం నుంచైనా ఒక్క మీటతో ఆపగలిగేలా ఉండాలి. వాటి యజమానులు ‘మనుషులు కూడా మా మీద మాట్లాడుతున్నారు’ అంటారు, అది నిజమే. కానీ మనిషిని ‘దయచేసి పక్కకు జరగండి’ అని అడగవచ్చు, అతడు జరుగుతాడు. ఆ మాట వినలేని యంత్రం మీద అదనపు బాధ్యత పెట్టడం అన్యాయం కాదు.

9.7 తుపాను రాత్రి ఎవరి పని ఏమిటి?

అత్యవసర సమయాల కోసం మూడో ప్రాంతంలో 3.600, 7.110, 14.300, 21.360 మెగాహెర్ట్జ్ వంటి ఫ్రీక్వెన్సీలను యూనియన్ కేంద్రబిందువులుగా గుర్తించింది. వాటి చుట్టుపక్కల వింటూ ఉండి, అవసరమైతే చోటు వదలాలని కోరుతుంది. ఎఫ్‌టీ8 వాడే 7.074 నుంచి 7.110 తగినంత దూరంలో ఉండడం మన అదృష్టం.

2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ నాయకత్వంలో హైదరాబాదు ఇన్‌స్టిట్యూట్ బృందం అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారాలు చేస్తోంది. అరుదైన ప్రాంతం కావడంతో ప్రపంచమంతటి హామ్‌లు ఆ కేంద్రాన్ని అందుకోవడానికి ఎగబడుతున్నారు. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. బృందం వినోద ప్రసారాలు ఆపి, అవే రేడియోలను క్షేమసమాచారాలు చేరవేయడానికి మళ్ళించింది. ఆ ఉదయం అక్కడ ఉన్నది వరుసగా కాల్‌సైన్లకు జవాబిచ్చే కంప్యూటరే అయి ఉంటే, ఎవరో వచ్చి ఆపేవరకు అదే పని చేస్తుండేది.

అలాగని యంత్రాన్ని పక్కన పెట్టడమూ తెలివి కాదు. పునరావాస కేంద్రంలో ఉన్న 300 మంది పేర్లు, ఊళ్ళు, వయసులు మైకులో చదివి చూడండి. ఒక పేరుకు పది సెకన్లు వేసుకున్నా 50 నిమిషాలు పడుతుంది. ఆ 50 నిమిషాలూ నెట్ ఆగిపోతుంది. పైగా ‘అప్పలనర్సమ్మ’, ‘అప్పలరామ్మ’ ఒకటే అనిపించే అవకాశం ఉంది. అదే జాబితా డిజిటల్ పద్ధతిలో, మరో ఫ్రీక్వెన్సీ మీద, తప్పులు సరిదిద్దుకుంటూ గేట్‌వేకు వెళ్తే మైకు ఖాళీగా ఉంటుంది. మందుల పట్టికలు, బియ్యం లెక్కలు కూడా ఇటువంటివే. ఎక్కువ సమాచారం, మారని సమాచారం యంత్రానికి అప్పగించాలి. కొద్దిపాటి సమాచారమైనా వెంటనే ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటే అది మనిషి చేతిలో ఉండాలి. రెండింటికీ ఫ్రీక్వెన్సీలు తుపాను హెచ్చరిక వచ్చిన రోజే కాగితం మీద రాసుకోవాలి. తెల్లవారుజామున 7 మెగాహెర్ట్జ్ మూసుకుపోతే ఎక్కడికి దిగాలో కూడా అందులోనే ఉండాలి.

9.8 అభ్యాసం

మీరు సోంపేటలో ఉన్నారు. అక్టోబరు నెల, తెల్లవారుజామున 5 గంటలు, గాలి పెరుగుతోంది. 100 కిలోమీటర్ల దూరంలో శ్రీకాకుళంలో నెట్ కంట్రోలు ఉంది. మీ దగ్గర 7, 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పనిచేసే ట్రాన్సీవరు, 20 మీటర్ల తీగ, మరో 20 మీటర్ల తీగ చుట్ట, సగం నిండిన బ్యాటరీ ఉన్నాయి. 7.110 మీద అర నిమిషం విన్నారు, నిశ్శబ్దం. కొద్దిగా పక్కన దూరదేశపు డిజిటల్ కేంద్రం ఒకటి గట్టిగా వినిపిస్తోంది. మీ దగ్గర రెండు సందేశాలున్నాయి: ఒక గర్భిణిని ఆసుపత్రికి తరలించాలి, రోడ్డు మీద చెట్టు పడింది, పాఠశాలలో తలదాచుకున్న 140 మంది జాబితా.

(అ) 7.110 మీది నిశ్శబ్దానికి ఎన్ని కారణాలు ఉండవచ్చో రాయండి. (ఆ) తీగ చుట్టను ఏం చేస్తారు, ఎందుకు? 3.600కి సగం తరంగదైర్ఘ్యం లెక్క కట్టి చెప్పండి. (ఇ) రెండు సందేశాల్లో దేన్ని ఏ పద్ధతిలో, ఏ వరుసలో పంపుతారు? బ్యాటరీని కూడా దృష్టిలో ఉంచుకోండి.